ఎవరి బరువుకు

ధరణి సైకిలెక్కి, షెడ్డు గోడ పట్టుకుని, ఒంట్లో ఉన్న బరువంతా వేసి నొక్కింది. ముందు తన పాత సైకిలు నుంచి విప్పి బిగించిన, గాలితో కుంగే ఫోర్కు, వెనక భర్త తెచ్చిన అలాంటిదే కొత్త షాక్ అబ్జార్బరు. రెండూ గోరంత కుంగి ఆగిపోయాయి.

"కొండ దిగేటప్పుడు మొదటి రాయికే నన్ను ఎత్తేస్తాది మామా. నా బరువుకి రెండిట్లోనూ గాలెక్కువ. తియ్యి."

"కొత్తది గదా. తొక్కేకొద్దీ వదులైతాది," అన్నాడు హర్షవర్ధన్. చేతిలోని గాలిపంపు మాత్రం కదల్లేదు.

"నాకోసరమని ఇన్నాళ్లూ ముందూ వెనకా సమం చేస్తా ఉండావే. ఇదేనా చేసింది?"

"చుమ్మా నస పెట్టొద్దు. దీని సంగతి నీకేం తెలుసు?"

ధరణి సైకిలు దిగింది. "సరే, నువ్వెక్కు."

"నేనెందుకు?"

"ఎక్కు మామా."

పళ్లు కొరుక్కుంటూ ఎక్కాడు. ముందూ వెనకా ఒక్కసారే, ఒక్క తీరుగా, మెత్తగా దిగాయి. సైకిలు ఎటూ వాలలేదు.

ధరణి దాన్నే చూస్తూ నిలబడింది.

"మగ్గం కింద తొక్కుడుకర్రల తాళ్లు చూసి, దానిమింద ఎవురు నేస్తారో మాయమ్మ చెప్పేస్తాది," అంది. "ఎవురి కాళ్లకి సరిపోయేట్టు కట్టుంటే వాళ్లదే మగ్గం."

హర్షవర్ధన్ దిగబోయి ఆగాడు.

"ఆదివారం తిరుత్తణి కొండ సైకిలు పోటీలో దీనిమింద దిగేది నేనా, నువ్వా?"

అతను హ్యాండిలు మీది దుమ్ము తుడవడం మొదలుపెట్టాడు. అక్కడ దుమ్ము లేదు.

ధరణి గూట్లోంచి స్పానరు తీసి సీటు మీద పెట్టింది.

"ముందు ఫోర్కు నాది. ఇప్పేసియ్యి."