మూడో ప్రశ్న

“ఎముక అతుక్కుందా, లేదా? అంతకు మించి అడగడానికేముంది?” విసుక్కున్నాడు ఎముకల డాక్టరు.

“అతుక్కుందనే అంటోంది సార్ ఎక్స్‌రే. నిచ్చెనెక్కితే కాలు వణుకుతోంది. నేలమీద నిలబడి గోడంతా రంగెలా వెయ్యను?” అన్నాడు పెయింటరు.

ఆసుపత్రి మీటింగు గదిలో చీలమండ విరిగినవాళ్లు, వాళ్ల ఇంటివాళ్లు ఓ పదిమంది ఉన్నారు. ఇకమీదట చెకప్‌కి వచ్చే ప్రతి పేషెంటునీ తప్పకుండా అడగాల్సిన మూడు ప్రశ్నలు వాళ్లంతా కలిసి తేల్చాలి. గంటసేపు వాదించుకున్నాక రెండు తేలాయి. ఫిజియోథెరపీ అమ్మాయి వాటిని బోర్డు మీద రాసింది. నొప్పి తగ్గిందా? మీ పని మీరు చేసుకోగలుగుతున్నారా?

మూడోదాని దగ్గర పీటముడి పడింది.

“మా ఆవిడకైతే వాపండీ. చెప్పులు పట్టడం లేదు,” అన్నాడు డ్రైవింగ్ స్కూలు మాస్టారు. ఆయన భార్య పక్కనే, కాలు స్టూలు మీద పెట్టుకుని కూర్చుంది. ఏదడిగినా ఆవిడ నోరు తెరిచేలోపే ఆయన అందుకుంటున్నాడు.

“వదినని చెప్పనివ్వండి అన్నయ్యా!” నవ్వింది ఫిజియో అమ్మాయి.

“తనకి కాస్త మొహమాటమమ్మా.”

“ఎంత అదృష్టవంతురాలివే తల్లీ!” అంది ఎదురుగా ఉన్న పెద్దావిడ. “నా కాలు విరిగితే మా ఆయన గ్లాసుడు మంచినీళ్లిచ్చిన పాపాన పోలేదు. ఈ బాబు వంటా, బట్టలూ, చివరికి నీకు జడ వెయ్యడం కూడా తనేనటగా!”

పెయింటరు భార్య మొగుణ్ణి మోచేత్తో ఒక్క పోటు పొడిచింది. గదంతా నవ్వింది.

మాస్టారికి తల కొట్టేసినట్టయింది. మూడు నెలలుగా ఇంతే. ఇరుగుపొరుగు మెచ్చుకున్నా, అత్తగారు ఫోన్లో దీవించినా, చచ్చినంత సిగ్గు. భార్య మొహంలోకి చూసి ఎన్నాళ్లయిందో!

“అంతంత మాటలొద్దండీ,” గొణిగాడు.

“ఎంత అణకువో చూడు!” మురిసిపోయింది పెద్దావిడ.

“ఇలా తేలదుగానీ,” అంటూ ఫిజియో అమ్మాయి తలా ఒక చీటీ ఇచ్చింది. “మూడో ప్రశ్న ఏముండాలో పేషెంట్లు రాయండి. ఇంటివాళ్లు పైకి చదవండి.”

పెయింటరు చీటీలో ‘భయం పోయిందా?’ అని ఉంది. పెద్దావిడ ‘నిద్ర పడుతోందా?’ అని రాసింది. మాస్టారి భార్య రాసిన చీటీని మడిచి ఆయన చేతిలో పెట్టింది.

విప్పాడు. ఏళ్లతరబడి రోడ్ల మీద ‘బ్రేకు, బ్రేకు!’ అని అరిచిన మనిషి చీటీని గబుక్కున మళ్లీ మడిచేశాడు.

“చదవండన్నయ్యా, సిగ్గెందుకు?”

చెమటతో చీటీ తడిసిపోతోంది. భార్య మెల్లిగా దాన్ని ఆయన వేళ్లలోంచి లాక్కుని, తనే పైకి చదివింది.

“మీ ఆయన మిమ్మల్ని మళ్లీ మెట్ల మీంచి తోశాడా?”