గొంతు నవ్విన చోట

మిషన్ మీద చొక్కా కుడుతున్న దర్జీ ఆమెకి ఉన్నట్టుండి కాళ్ళు ఆగిపోయాయి. ఫోటో తీసినాయనకి చూపు లేదు, సరే. చూడబోయేవాళ్ళకి ఉంటుంది కదా.

ఇంత చిన్న సంగతి ఇన్నాళ్ళూ బుర్రకెందుకు తట్టలేదో.

ఆ ఫోటోగ్రాఫర్ కమ్యూనిటీ హాల్లోనే బస చేసి, వీధిలో వాళ్ళందరి ఫోటోలూ తీయడానికి వచ్చిన కళాకారుడు. పుట్టుకతోనే చూపు లేదు. "మాట్లాడుతూ ఉండండక్కా, మీ గొంతు నవ్విన చోట బటన్ నొక్కుతాను," అన్నాడు. ఆమెకి ఎడమ చెంపంతా కాలిన మచ్చ. కెమెరా అంటే ఆమడ దూరం పరిగెడుతుంది. ఈయనకెలాగూ కనపడదులే అని కూర్చుంది. కూర్చుని, కడుపుబ్బా నవ్వింది కూడా.

ఆ ఫోటోల ప్రదర్శన, అమ్మకం ఈ సాయంత్రమే, ఆ హాల్లోనే. కాలేజీ స్నేహితురాళ్ళని వెంటబెట్టుకుని వెళ్తానని కూతురు పొద్దున్నే చెప్పింది.

సగం కుట్టిన చొక్కా అలాగే వదిలేసి, చెంపని అరచేత్తో కప్పుకుని బయల్దేరింది. ఇంకా తలుపులు తీసి ఉండరులే అని ఓసారి, ఈపాటికి వీధంతా చూసేసి ఉంటుందని ఓసారి అనుకుంది. ఒకచోట ఆగి వెనక్కి తిరిగింది కూడా. మళ్ళీ ముందుకే నడిచింది.

హాలు నిండా జనం. గోడ వెంబడే ఒక్కో ఫోటో చూసుకుంటూ వెళ్ళింది. మంగలి, పాలాయన, బేకరీ ముసలమ్మ, సైకిళ్ళు బాగుచేసే అన్నదమ్ములు. తనది లేదు. మళ్ళీ మొదటినుంచీ చూసింది. చివర ఒక ఖాళీ మేకు కనిపించింది.

ఫోటోగ్రాఫర్ చేతికర్ర ఒళ్ళో పెట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు.

"సార్, నా ఫోటో ఏది?"

"వచ్చారా అక్కా," అన్నాడు గొంతు గుర్తుపట్టి. "మీ అమ్మాయి పట్టుకుపోయింది."

"మా అమ్మాయా?"

"తలుపులు తియ్యకముందే వచ్చింది. జనం రాకముందే ఇచ్చెయ్యమని ఒకటే పట్టు. మీ అమ్మనొక మాట అడగనివ్వమ్మా అన్నాను. వింటేనా. ఫ్రేముతో సహా లాక్కుపోయింది."

ఆమె గోడకి ఆనుకుంది. తను వచ్చిందీ దాన్ని తీయించెయ్యడానికే. అయినా మళ్ళీ ఆ ఖాళీ మేకు వైపే చూసింది. కన్నకూతురికే తన మొహం బరువైందన్నమాట.

"స్నేహితురాళ్ళ ముందు చిన్నతనంగా అనిపించి ఉంటుంది లెండి," అంది.

"చిన్నతనమా?" ఆయన మొహం ఆమె వైపు తిప్పాడు. "'మా ఇంట్లో అమ్మ ఫోటో ఒక్కటంటే ఒక్కటి లేదండీ, జనం వస్తే దీన్ని ఎవరైనా కొనుక్కుపోతారు' అని, వెంట వచ్చిన స్నేహితురాళ్ళందరికీ చూపించుకుంటూ మరీ పట్టుకెళ్ళింది."