నీళ్ల దీవి

"ఇది కూడా కాదు," అన్నాడు ముసలాయన.

రమ్లాకు ఏడుపొచ్చినంత పనైంది. చుక్కాని వదిలేసి నుదురు పట్టుకుంది. పొద్దుటి నుంచి ఎదురుగాలితో కుస్తీ పట్టి చేరిన దీవి అది.

"సరిగ్గా చూడు మామా. కొబ్బరిచెట్లున్నాయి. ఇసుక తెల్లగా ఉంది."

"కొబ్బరిచెట్లు లేని దీవేదే? నాకు నల్లరాయి కావాలి. తాబేలు వీపులా ఉంటుందిట. దాని పక్కనే పడవ కట్టుకుని మా అమ్మ నన్ను కంది."

"నల్లరాయీ లేదు, తెల్లరాయీ లేదు," అంటూ సడార్ తెరచాప తిప్పాడు. తండ్రి మీద విసుగును పెళ్లాం మీద చూపించడం అతనికి అలవాటే. "ఏయ్, చుక్కాని పట్టుకో! పడవ దిబ్బకు కొట్టుకుంటుంది."

"కొట్టుకోనీ. పీడా పోతుంది," అంది రమ్లా. అంటూనే చుక్కాని పట్టుకుంది.

ముసలాయనకు కాళ్లు చల్లబడుతున్నాయి. తిండి సహించడం లేదు. తనతోపాటు కడుపులోంచి వచ్చిన మావిని తల్లి ఆ నల్లరాయి దగ్గరే నీళ్లలో వదిలింది. పడవల్లో పుట్టినవాళ్లకు అదే తోడబుట్టిన అన్న. పోయేముందు ఆ అన్నకు తాంబూలం ఇచ్చి, వస్తున్నానని చెప్పుకోవాలి. చెప్పుకోకుండా కన్ను మూస్తే ప్రాణం దిక్కూమొక్కూ లేకుండా నీళ్ల మీద తిరుగుతూనే ఉంటుంది. అందుకే కొడుకూ, కోడలూ, కొడుకు స్నేహితుడు జుమాదిల్ కలిసి ఆయన్ను పడవలో వేసుకుని బయల్దేరారు. కనిపించిన దీవినల్లా గాలిస్తున్నారు.

చిక్కల్లా ఒక్కటే. ఆ దీవి పేరు ఆయనకు గుర్తు లేదు.

"ఒక్క అక్షరమైనా తట్టదా బాబాయ్?" కాల్చిన కర్రపెండలం నములుతూ అడిగాడు జుమాదిల్.

"నాలిక చివరే ఉందిరా. అమ్మ చెప్పేది, ఆ పేరు నువ్వు మర్చిపోదామన్నా మర్చిపోలేవురా అని. చూడు నా రాత, అదే మర్చిపోయాను."

"అంత ధీమాగా చెప్పే బదులు ఈ పడవ చెక్క మీద చెక్కి పోవాల్సింది ఆవిడ."

ముసలాయన నవ్వబోయాడు. దగ్గొచ్చింది. రమ్లా ఆయన వీపు రాస్తూ కూర్చుంది. ఎముకలన్నీ చేతికి తగిలాయి. ఎంత విసుక్కున్నా, ఆ వీపు మీద చెయ్యి పడేసరికి ఆమెకు జాలి ముంచుకొచ్చింది.

ఆ తర్వాతి దీవిలో హోటల్ కాపలావాడు కర్ర పట్టుకుని, దిగడానికి వీల్లేదన్నాడు. దాని తర్వాతది వట్టి బురద, మడచెట్లు. ముసలాయన చూడకుండానే తల అడ్డంగా ఊపాడు. సడార్ అరచేతులు తాడు కోసుకుపోయి పచ్చిగా ఉన్నాయి. ఉప్పుగాలికి పెదాలు పగిలి, ఎవరూ అక్కరకు మించి మాట్లాడడం లేదు.

రమ్లా నీళ్ల డబ్బా ఎత్తి చూసింది. అడుగున గలగలమంది.

"నీళ్లయిపోయాయి. నీళ్ల దీవికి పోవాలి."

"దానికి శుభ్రంగా పేరుండగా నీళ్ల దీవేంటి వదినా? నీళ్లు లేని దీవి ఉంటుందా?" అన్నాడు జుమాదిల్.

"మా పడవలో దాన్ని అలాగే అంటాంలే. నీకెందుకు?" కసిరాడు సడార్.

"సరే, నీ పడవ, నీ ఇష్టం. కానీ ఒక మాట చెబుతా. నీళ్లు పట్టుకుని అటునుంచటే ఇంటికి పోదాం. పడమటి గాలి మొదలైందంటే, మనల్ని వెతకడానికి ఇంకో పడవ రావాలి."

ఎవరూ కాదనలేదు. అందరూ ముసలాయన వైపు చూశారు. ఆయన ముఖం అటు తిప్పుకుని, "సరే, పదండి. మీరు మాత్రం ఎంతకని తిరుగుతారు," అన్నాడు.

హమ్మయ్య అనుకుంది రమ్లా. అలా అనుకున్నందుకు మరుక్షణమే సిగ్గుపడింది. అత్తగారు బతికుంటే ఆవిడతో ఈ మాట చెప్పుకుని ఏడ్చేది.

నీళ్ల దీవి రేవులో పడవ కట్టారు. పొడుగ్గా సిమెంటు రేవు, దాని వెనక ఊటబావి. ముసలాయన ఎప్పటిలాగే పడవ అంచున ఒరిగి, ఒక చెయ్యి నీళ్లలో వేలాడేసి కళ్లు మూసుకున్నాడు. ఇక్కడ మాత్రం ఆయన ఇదేనా, అదేనా అని ఎప్పుడూ అడగడు. నీళ్ల కోసం ఆగే చోటు, అంతే.

బావి దగ్గర ఒక ముసలావిడ బట్టలు ఉతుకుతోంది.

"మళ్లీ వచ్చావా పిల్లా? మా నీళ్లు అంత తియ్యగా ఉన్నాయా?"

"నీళ్లకేం గానీ పెద్దమ్మా, నా ప్రాణమే చేదెక్కిపోయింది," అంటూ రమ్లా డబ్బా నింపుకుంటూనే సంగతంతా చెప్పుకొచ్చింది. మామగారి కాళ్లు, తాంబూలం, తాబేలు వీపులాంటి నల్లరాయి.

ముసలావిడ చేతిలో బట్ట ఆగిపోయింది.

"నల్లరాయా? దాని మీదే కదే ఈ రేవు కట్టింది! సిమెంటు కింద ఉంది. మా అమ్మ మంత్రసాని. ఆ రాయి పక్కన పడవలో ఒకామెకు పురుడు పోశానని కథలు కథలుగా చెప్పేది. కష్టమైన కాన్పట. బిడ్డ బతికాడన్న సంబరంలో ఆ తల్లి వాడికి మా దీవి పేరే పెట్టుకుందట."

రమ్లా చేతిలోంచి డబ్బా జారింది. నీళ్లన్నీ ఇసుకపాలయ్యాయి.

కాపురానికి వచ్చిన రోజునే అత్తగారు ఆమె చెవిలో చెప్పింది, మామగారి పేరు కోడలి నోట రాకూడదు కాబట్టి ఆ దీవిని నువ్వు కూడా నాలాగే నీళ్ల దీవి అనాలి అని.