అంబాసిడర్‌కూ మారుతికీ సంబంధం

2003, శ్రావణం. పెళ్లిచూపులకని చెన్నకేశవ, కొడుకు ప్రజ్వల్ ఉద్దనపల్లి నుంచి హోసూరుకు తెల్ల అంబాసిడర్‌లో వచ్చారు. జయలక్ష్మమ్మ ఇంటి ముందు బండి పెట్టడానికి చోటు లేదు. ఉన్న కాస్త జాగాలో ఆమె కూతురు నళిని కొత్త ఎర్ర మారుతి నిలబడి ఉంది.

నళిని కాఫీలిచ్చి తల్లి పక్కన కూర్చుంది. అన్నీ కుదిరాయి. కాపురం హోసూరులోనే అన్నారు. అప్పుడొచ్చింది చిక్కు.

"ఈడ ఒక బండికే జాగా ఉండేది," అంది నళిని. "ఆ పాతదాన్ని అమ్మేయండప్పా."

చెన్నకేశవ కొత్త చొక్కా మీద కాఫీ ఒలికింది. "ఇరవై ఐదేండ్లుగా నడపతా ఉండానమ్మా. దాన్ని విడిచేది లేదు."

"దోవలో నిలిచిపోతే ఎవురు తోసేది?"

"మీ అగ్గిపెట్టెలో మా నాయన కాళ్లు యాడ పెట్టేది?" ప్రజ్వల్ ఎదురడిగాడు. చెన్నకేశవ ఆరడుగుల మనిషి.

సంబంధం చెడేటట్టుంది. అంతవరకూ తలెత్తని జయలక్ష్మమ్మ మెల్లగా అంది: "కృష్ణగిరి దాకా పోయొద్దాం. ఏది మేలో దోవే చెప్తాది."

రెండు కార్లూ కదిలాయి. మారుతి చిటికెలో ముందుకు దూసుకుపోయింది. సూళగిరి దాటాక నళిని అద్దంలో చూస్తే వెనక అంబాసిడర్ లేదు. తిరిగి వెళ్లింది. రోడ్డు పక్కన బానెట్ తెరిచి ఉంది. లోపల్నుంచి ఆవిరి.

"నీళ్లు పోసేది మరిచిపోయినానమ్మా," చెన్నకేశవ తల గోక్కున్నాడు. "ఇన్నేండ్లలో ఇదే మొదలు."

నళిని నవ్వు ఆపుకుని నీళ్ల సీసాలు అందించింది. ఆ గెలుపు హుషారులోనే, రోడ్డు వెడల్పు చేస్తున్న చోట వేగం తగ్గించలేదు. మారుతి ముందు చక్రం బురదలో దిగబడింది.

చెన్నకేశవ డిక్కీలోంచి తాడు తీసి కట్టాడు. అంబాసిడర్ ఒక్కసారి గుర్రుమంది. ఆవు వెంట దూడలా మారుతి బయటికొచ్చింది.

"నేను దీంట్లో వస్తా. కాళ్లు చాపుకోవచ్చు," అంటూ జయలక్ష్మమ్మ అంబాసిడర్ ఎక్కేసింది. ప్రజ్వల్ మారుతిలోకి మారాడు. పెద్దవాళ్లు ముందు, చిన్నవాళ్లు వెనక.



"మెత్తగా పోతాదే ఇది!" అన్నాడు ప్రజ్వల్.

"మీదాంట్లో బలముంది," నళిని ఒప్పుకుంది. "ఇంటి ముందర గోడ కొంచెం జరిపి కట్టిస్తే రెండూ పడతాయి."

ప్రజ్వల్ ముందు పోతున్న కారునే చూస్తున్నాడు. లోపల రెండు తలలు నవ్వుతో ఊగుతున్నాయి.

"నిజం చెప్పల్లంటే, పొద్దున వద్దని చెప్దామనే బయలుదేరినాను," అన్నాడు. "ఇప్పుడు నాకు సమ్మతమే. మీకు?"

"నాకెప్పుడో సమ్మతం," అంది నళిని. ఆమె కళ్లు చెమర్చాయి.

కృష్ణగిరిలో హోటల్ ముందు కార్లు ఆగాయి. నళిని పరుగున పోయి అంబాసిడర్ తలుపు తీసి తల్లిని వాటేసుకుంది: "ఇంక సిగ్గెందుకమ్మా, పెండ్లికొడుకు కొడుకు కూడా ఒప్పుకున్నాడు!"