పురిటింటికి పిలిచిన కుంటికోడి

పశువుల పాకలో యేసు బాబు పుట్టిన మర్నాడు పొద్దున, ఆవు గుమ్మంలోకొచ్చి కుంటికోడిని లోపలికి పిలిచింది. కోడి మంచులో వణుకుతూ కూడా కదల్లేదు.

"నిన్నటిదాకా కొమ్ములతో తరిమినదానివి, ఇవాళ పిలుస్తున్నావేంటమ్మా? పురిటింటికి కోడిని పిలిచేది కూరకే కదా!"

"తరిమాను, తప్పే. ఇవాళ పిలిచేది నేను కాదే, ఆ తల్లి."

"గుడ్డు కూడా పెట్టనిదాన్ని. నాతో ఆవిడకేం పని?"

"నేనూ అదే అడిగాను. పనేం లేదట. తన బాబున్న చోట ఎవరూ బయట ఉండకూడదంది."

కోడి నమ్మలేదు. అన్ని తన్నులు తిన్నది నమ్మకపోవడమే సబబు. అయినా చలికి ఓర్వలేక లోపలికెళ్లింది. తల్లి గడ్డి సర్ది బాబు పక్కనే చోటిచ్చింది. కోడి ఒక కన్ను మూసి, రెండో కంటితో ఆమె చేతులనే చూస్తూ పడుకుంది.

ఇంతలో బాబు చెయ్యి దాని మెడ మీద పడింది. కోడి బిగుసుకుపోయింది. ఆ చెయ్యి మెడ మీదే నిద్రపోయింది.

కాసేపటికి కోడి రెండో కన్ను కూడా మూతపడింది.