ఫ్రిజ్ ఉపవాసం

భస్మ బుధవారం ఆరాధన నుంచి వస్తూనే సుందరరావు చెప్పులైనా విప్పకుండా వంటింట్లోకి వెళ్లి ఫ్రిజ్ ప్లగ్గు పీకేశాడు.

"ఏమండీ! లోపల పాలున్నాయి!" అంది భార్య ఎస్తేరు.

"ఉండనీ. ఈస్టర్ దాకా ఈ నలభై రోజులూ మనింట్లో ఫ్రిజ్‌కి ఉపవాసం."

తప్పంతా పాస్టరు దేవదానం గారిది. "మాంసం మానడం ఏటా ఉన్నదే. ఈసారి భూమికి భారమైనది ఏదో ఒకటి మానండి. మానినవాళ్లు ఈస్టర్ నాడు సాక్ష్యం చెప్పండి" అన్నారాయన. సాక్ష్యం అంటే చేతికి మైకు వస్తుంది. సుందరరావు సైన్సు మాస్టారు. ఒంగోలు నుంచి బెంగళూరొచ్చి పదేళ్లయినా సంఘంలో ఆయన చేతికి మైకు వచ్చింది ఒక్కసారే. అదీ ఎవరిదో గొడుగు దొరికిందని చెప్పడానికి. ఈ ఈస్టర్ తప్పితే మళ్లీ అలాంటి అదృష్టం ఎప్పుడో ఏమో!

ఇక ఇల్లు ఇల్లులా లేదు. పాత బల్బులు పోయి మెలికల బల్బులొచ్చాయి. ప్లాస్టిక్ కవర్లు పోయి, ఎస్తేరు పాత చీరల సంచులొచ్చాయి. బియ్యం కడిగిన నీళ్లు కరివేపాకు మొక్కకి, కూరగాయల తొక్కలు మేడ మీద ఎరువు కుండలోకి, పాలూ పెరుగూ వంటింట్లో తడి ఇసుకలో పెట్టిన కుండలోకి. ఫ్రిజ్ అల్మరా అయింది. పై అరలో కీర్తనల పుస్తకాలు, కూరగాయల ట్రేలో మేజోళ్లు, గుడ్లు పెట్టే గుంతల్లో సుద్దముక్కలు.

"ఆసుపత్రిలో డ్యూటీ చేసొచ్చి రోజూ పిండి రుబ్బమంటారా?" అని ఎస్తేరు నిలదీసింది.

"మీ అమ్మమ్మ రుబ్బలేదూ?"

"మా తాతయ్య బావి నుంచి నీళ్లు మోసేవాడు. మీరు మోస్తారా?"

సుందరరావుకి ఆ క్షణంలోనే మేడ మీద కుండ గుర్తొచ్చింది. చూసొస్తానని వెళ్లిపోయాడు.

పదో తరగతి చదివే కూతురు ఎవాంజెలిన్ రెండు రోజులు అన్నం మీద అలిగింది. "డాడీ, మా ఫ్రెండ్స్‌కి ఏమని చెప్పాలి? మాకు కరెంటు లేదనా?"

"భూమి మీద ప్రేమ ఉందని చెప్పమ్మా."

ఆశ్చర్యమేమిటంటే, రెండో వారానికల్లా సణుగుళ్లు ఆగిపోయాయి. మార్చి ఎండలు ముదిరాయి, అయినా ఆ ఇంట్లో పెరుగు పులియలేదు. ఇడ్లీలు మల్లెపూలలా వచ్చాయి. ఐస్‌క్రీం కోసం ఇల్లు పీకి పందిరేసే పిల్ల పావురంలా మెత్తబడిపోయింది. తడి ఇసుకలో పెట్టిన కుండ మహిమ సగం, తన ప్రార్థన మహిమ సగం అనుకున్నాడు సుందరరావు. కుండ వాటా ఇంకొంచెం తగ్గించినా తప్పులేదనిపించింది.

పైగా ఇంటిల్లిపాదికీ పొరుగువాళ్ల మీద ప్రేమ పుట్టుకొచ్చింది. కింది వాటాలో ఇంటి ఓనరు చిక్కమునియప్ప, ఆయన భార్య అక్కయమ్మ ఉంటారు. ముసలివాళ్లిద్దరే. ఇప్పుడు వీళ్లుంటున్న బ్రూక్‌ఫీల్డ్ పేటంతా రాగి చేలుగా ఉన్నప్పటి మనుషులు. అక్కయమ్మకి బీపీ చూడాలని ఎస్తేరు రోజూ కిందికి వెళ్లేది. కన్నడ పాఠం చెప్పించుకోవాలని ఎవాంజెలిన్ వెళ్లేది. బడి నుంచి రాగానే సుందరరావూ వెళ్లేవాడు. ఫ్రిజ్ భూమికి ఎంత చేటో ఆ దంపతులకి ఓపిగ్గా బోధించి, మీసాలు తుడుచుకుంటూ పైకొచ్చేవాడు.

"మీ వ్రతం గట్టిది సార్. మావల్ల కాదప్పా!" అనేవాడు చిక్కమునియప్ప చేతులు జోడించి.

ఇంకో కుటుంబాన్ని కూడా మార్చానని సాక్ష్యంలో కలిపితే ఎలా ఉంటుంది? ఆ ఊహకే సుందరరావుకి ఒళ్లు పులకరించింది.

ఈస్టర్ ముందురోజు దేవదానం గారు స్వయంగా చూడడానికి వచ్చారు. ఫ్రిజ్ తలుపు తీసి, సుద్దముక్కలు చూసి, కళ్లు తుడుచుకున్నారు. "రేపు మీదే మొదటి సాక్ష్యం మాస్టారూ" అన్నారు.

సుందరరావు కాళ్లు నేల మీద లేవు. ఆయన్ని సాగనంపుతూ అందరూ మెట్లు దిగేసరికి గేటు ముందు టెంపో ఆగి ఉంది. మనిషెత్తు అట్టపెట్టె దింపుతున్నారు. "మెల్లగప్పా, గోడకి తగిలీని!" అని చిక్కమునియప్ప గాభరా పడుతున్నాడు. పెట్టె మీద బొమ్మ చూడగానే సుందరరావు దానికి అడ్డంగా వెళ్లి నిలబడ్డాడు. రెండు తలుపుల ఫ్రిజ్!

"ఇదేమిటండీ! ఇద్దరు మనుషులకి ఇంత బీరువా ఎందుకు? నలభై రోజులుగా నేను చెప్పిందంతా ఏ గంగలో కలిసింది?"

ఎస్తేరు వెనక నుంచి చొక్కా లాగింది. "వదిలేయండీ. అయ్యగారికి ఆలస్యమవుతోంది." ఎవాంజెలిన్ చదువుకోవాలంటూ రెండేసి మెట్లెక్కి మాయమైంది.

"పోనీ సార్, రేపు మాట్లాడుకుందాము" అని చిక్కమునియప్ప నసిగాడు.

ఉపన్యాసం ఊపులో ఉన్నవాడికి వెనకాముందూ తోచదు. "కుదరదు! అయ్యగారి ముందే చెప్పండి. పాత ఫ్రిజ్‌కి ఏం రోగం?"

చిక్కమునియప్ప ఇబ్బందిగా దేవదానం గారి వైపు తిరిగి చేతులు జోడించాడు.

"మా ఇద్దురికీ ఆ పాతదే శానా ఎక్కువ సామీ, ఎస్తేరమ్మ పిండి గిన్నెలు, పాప ఐస్‌క్రీములు, దినామూ ఈ సారు తాగే మజ్జిగ సెంబు అన్నీ దాంట్లో పట్టకపాయె, వీళ్ల వ్రతం మాత్రం సెడగూడదని దీన్ని తెచ్చినాను!"