గుర్తుపట్టని గేటు

మళ్ళీ ఎర్ర దీపమే వెలిగింది.

“బుగ్గలు కాస్త లోపలికి లాక్కోమ్మాయ్,” అన్నాడు గేటు దగ్గర వాచ్‌మన్, ఆమె వంక చూడకుండా.

లాక్కుంది. మెడ మీద ఇంకా మానని కోత గీత కనపడేలా తల ఎత్తి, హాజరు మెషీన్‌కి ముఖం అప్పగించింది. వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు.

ఎర్ర దీపం.

“అక్కా, పక్కకి జరగవా? మాకు లేటవుతోంది.”

“జరుగుతానే తల్లీ! నీ వంకర కుట్లన్నీ విప్పించి దిద్దించింది ఈ ముఖమే. నువ్వు గుర్తుపట్టావుగా, దీనికేం రోగం?”

ఆ బట్టల ఫ్యాక్టరీలో ఆమె లైను సూపర్‌వైజరు. క్యాన్సరని థైరాయిడ్ గ్రంథి మొత్తం తీసేశాక ఒళ్ళు తన మాట వినడం మానేసింది. ముఖం ఉబ్బింది. జాకెట్లు చంకల దగ్గర పిగిలాయి. మాత్ర మోతాదు కుదిరేదాకా ఓపిక పట్టమన్నాడు డాక్టరు. పట్టడానికి ఆమె సిద్ధమే. గేటే సిద్ధంగా లేదు.

గొడవ విని మేనేజరు బయటికొచ్చాడు.

“ఏంటమ్మా రోజూ ఈ రభస? మనిషి ఇంతలా మారిపోతే మెషీన్ తప్పేముంది?”

“అయితే కొత్తగా ఫోటో తీయించండి సార్.”

“హెడ్డాఫీసు ఒప్పుకోదు. నెలాఖరులోగా హాజరు పడకపోతే మీ అంతట మీరే మానేసినట్టు లెక్క. రూలది. నాకు మాత్రం బాధగా లేదా? ఇంట్లో రెస్టు తీసుకోండి. కాస్త తగ్గాక రండి.”

“తగ్గాలా? సరే, తగ్గే వస్తా!”

అన్నం మానేసింది. మేడ మెట్లు ఎక్కీ దిగీ కళ్ళు తిరిగి కూలబడింది. ఓ పొద్దున, ఒళ్ళు త్వరగా తగ్గుతుందని ఆమె రెండో థైరాయిడ్ మాత్ర నోట్లో వేసుకోబోతుంటే భర్త చెయ్యి పట్టుకున్నాడు.

“ఎన్నాళ్ళనుంచి ఇది?”

“వదులు.”

“ఎక్కువేస్తే గుండె దడొస్తుందని డాక్టరు చెప్పాడా లేదా?”

“వస్తే రానీ! ఉద్యోగం పోతే ఇంట్లో కూర్చుని అద్దంలో ఈ గుమ్మడికాయని చూసుకుంటూ బతకమంటావా?”

“గుమ్మడికాయో దోసకాయో, నాకు నువ్వు కావాలి.”

“నీకు కావాలి సరే. నాకూ నేను కావాలిగా!”

ఆ మాటకి అతని పట్టు సడలింది. ఆమె మాత్రని సీసాలో పడేసి, మూత బిగించి, చెప్పులు వేసుకుంది.

గేటు దగ్గర అదే వరస. ఆమె ముందు కటింగ్ మాస్టర్ నిలబడి ఉన్నాడు. నిన్ననే పన్ను పీకించుకున్నాడట, ఓ బుగ్గ పూరీలా పొంగింది. కన్ను సగం మూసుకుపోయింది.

“మీకూ నా గతే అన్నయ్యా,” అంది.

మాస్టర్ మూలుగుతూ మెషీన్ ముందు వంగాడు.

పచ్చ దీపం.

ఆమె అలాగే చూస్తుండిపోయింది.

“బాబాయ్!” అని వాచ్‌మన్ మీద ఒక్క అరుపు అరిచింది. “ఆ వాచిన ముఖానికి పచ్చ, నా ముఖానికి ఎరుపా? మెషీన్‌లో ముఖాలు ఎక్కించేది నువ్వేగా? నా పాత ఫోటో తియ్యి. నేనేం అంతలా మారిపోయానో నా కళ్ళతో చూస్తా!”

“నాతో ఎందుకమ్మాయ్ గొడవ? సార్‌ని అడుగు.”

“నిన్నే అడుగుతున్నా! కడుపు మాడ్చుకున్నా. రెండేసి మాత్రలు మింగా. రాత్రిళ్ళు గుండె కొట్టుకుంటుంటే చస్తాననుకున్నా. ఈ పెట్టె కోసం! చూపిస్తావా, పగలగొట్టమంటావా?”

పక్కనే ఉన్న ఇటుక చేతిలోకి తీసుకుంది. ఎవరూ ఆపలేదు. మేనేజరు గది అద్దం వెనక పరదా కదిలింది.

వాచ్‌మన్ మెషీన్‌కి అడ్డంగా నిలబడ్డాడు. ఇన్నాళ్ళలో మొదటిసారి ఆమె కళ్ళలోకి చూశాడు. గొంతు తగ్గించాడు.

“నువ్వు ఆపరేషన్‌కి వెళ్ళిన రోజే నీ ముఖం ఇందులోంచి తీసేయించారమ్మాయ్.”